మొక్కజొన్న కంకుల సీడీ

ఊరి నుంచి అమ్మానాన్నలొచ్చినా అత్తామామలొచ్చినా షికాగోలో మనందరం చేసేది ఒకటే, ఒక రోజు అరోరా బాలాజీ గుడి, ఒక రోజు డౌన్‌టౌన్. డౌన్‌టౌన్‌లో పడవ ఎక్కించి నది మీద తిప్పుతాం, ఆ రెండు గుండ్రటి టవర్లు కనబడగానే "అవిగో, మొక్కజొన్న కంకుల్లా లేవూ?" అని చూపిస్తాం. మరీనా సిటీ వాటి పేరు. కింద 19 అంతస్తులు కార్లకే, ఆ కార్లు అంచుదాకా వచ్చి ఆగి ఉంటాయి, అది చూసి మా అమ్మ "బ్రేకు పడకపోతే ఏం గాను" అని కంగారు పడిపోయింది. నా దగ్గర ఒక సీడీ ఉంది, దాని అట్ట మీద ఉన్నది ఆ టవర్ల ఫొటోనే. విల్కో అనే రాక్ బ్యాండ్ ఆల్బమ్, పేరు 'యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్'. మనం ఉంటున్న ఈ ఊళ్ళోనే తయారైంది, అయినా నాకు తెలిసిన మనవాళ్ళలో విన్నవాళ్ళు చాలా తక్కువ. అది ఎలా తయారైందో, ఎవరు వద్దన్నారో, తర్వాత ఏమైందో మన తెలుగు సంఘంలో అందరికీ తెలియాలని, ముఖ్యంగా కల్చరల్ కమిటీలో కూర్చునేవాళ్ళకి తెలియాలని నాకు గట్టిగా ఉంది.

విల్కో 1994లో మొదలైంది. పాటలు రాసి పాడే జెఫ్ ట్వీడీది ఇల్లినాయ్‌లోనే దక్షిణాన ఉన్న బెల్‌విల్. మొదట్లో వాళ్ళది కంట్రీ పాటకి రాక్ గిటారు జోరు కలిపిన బాణీ, దానికి అభిమానులు బాగానే ఉన్నారు. అదే దారిలో ఇంకో పది పాటలు చేసి ఇచ్చేసి ఉంటే ఏ గొడవా లేదు. కానీ 2000 చివర్లో ఈ ఆల్బమ్ మొదలుపెట్టినప్పుడు గంటల లెక్కన అద్దె కట్టే స్టూడియోకి పోకుండా, లాఫ్ట్ అని పిలుచుకునే తమ సొంత చోట్లోనే రికార్డింగ్ పెట్టుకున్నారు. గడియారం చూసుకునే పని లేదు. ఒక పాటని మామూలుగా గిటారుతో పాడేసుకుని, బాగానే వచ్చింది అనుకున్నాక దాన్ని మొత్తం విప్పేసేవాళ్ళు, విప్పి వేరే రకంగా కట్టి చూసేవాళ్ళు, అదీ నచ్చకపోతే మళ్ళీ మొదటికి. ఈ మధ్యలో డ్రమ్మర్ మారాడు, పాతాయన కెన్ కూమర్ పోయి గ్లెన్ కాచీ వచ్చాడు. కాచీ తాళం వేసి ఊరుకునే రకం కాదు, చేతికి దొరికిన ప్రతి వస్తువులోనూ ఒక శబ్దం వెతుకుతాడు.

మొదటి పాట ఒక్కటి చెబుతాను, దాదాపు 7 నిమిషాలు ఉంటుంది. మొదలవ్వడమే ఏదో గుంయ్‌మనే శబ్దంతో మొదలవుతుంది, అందులోంచి గిటారు మెల్లగా పైకి తేలుతుంది, డ్రమ్స్ వస్తాయి కానీ పాటని తోసుకుంటూ రావు, ఒక దెబ్బ ఇక్కడ, ఒకటి అక్కడ, ఇంట్లో ఎవరో సామాను సర్దుతున్నట్టు. పియానో మెట్లు మనం అనుకున్న చోట పడవు. ట్వీడీ గొంతు మాత్రం అలసిపోయిన మనిషి పక్కన కూర్చుని చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. చివరికి వచ్చేసరికి పాట విడిపోయి ముక్కలు ముక్కలుగా శబ్దంలో కలిసిపోతుంది. పాడేది తెగిపోయిన సంబంధం గురించి, ఆ తెగిపోవడం మాటల్లో ఎంత ఉందో వాయిద్యాల్లోనూ అంతే ఉంది. ఇది నాకు అర్థమవ్వడానికి చాలా రోజులు పట్టింది, ఆ సంగతికి వస్తాను.

ఇంత శబ్దం పోగేశాక దాన్ని ఎవరో ఒకరు ఏరాలి కదా. ఆ పనికి జిమ్ ఒరూర్క్‌ని మిక్సింగ్‌కి పిలిచారు. ఆయన చేసింది ఎక్కువగా తీసెయ్యడమే, ఇరవై వాయిద్యాలు పోగేసిన చోట నాలుగు ఉంచి మిగతావి పక్కన పెట్టడం. అది అందరికీ మింగుడు పడలేదు. బ్యాండ్‌లో జే బెన్నెట్ అని ఉండేవాడు, గిటారు, పియానో, ఏది ఇచ్చినా వాయించేవాడు, ఈ ఆల్బమ్‌లో చాలా పాటలు ట్వీడీతో కలిసి కట్టినవాడు, రికార్డింగ్ పనిలో కూడా సగం భారం ఆయనదే. ఈ రికార్డింగ్ జరుగుతున్న రోజుల్లో శామ్ జోన్స్ కెమెరా పెట్టుకుని అక్కడే ఉన్నాడు, నలుపు తెలుపుల్లో డాక్యుమెంటరీ తీశాడు, అట్ట మీద టవర్ల ఫొటో కూడా ఆయన తీసిందే. ఆ డాక్యుమెంటరీలో ఒక చోట రెండు పాటల మధ్య కలిపే కొన్ని సెకన్ల గురించి ట్వీడీ, బెన్నెట్ వాదించుకుంటారు. అరుపులు ఉండవు. ఒకడు చెప్పిందే చెబుతుంటాడు, ఇంకొకడికి తల పగిలిపోతుంటుంది. ట్వీడీకి మైగ్రేన్ ఉంది, లేచి బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకుని వస్తాడు. నేను ఆ సీన్ చూసి సినిమా ఆపేసి కాసేపు ఊరుకున్నాను. 2001 వేసవిలో ఆల్బమ్ పూర్తయ్యాక బెన్నెట్‌ని బ్యాండ్‌లోంచి పంపించేశారు, 2009లో 45 ఏళ్ళకే పోయాడు. డాక్యుమెంటరీ చూసినవాళ్ళు ఆయన్ని విసిగించే మనిషిగానే గుర్తుపెట్టుకుంటారు, అది నాకు అన్యాయంగా తోస్తుంది. ఈ పాటలు ఇంత బాగుండటంలో ఆయన వాటా చాలా పెద్దది.

ఇక కంపెనీ దగ్గరికి వద్దాం. విల్కో రికార్డులు వేసేది రిప్రైజ్, అది వార్నర్ వాళ్ళది. సరిగ్గా 2001 జనవరిలో ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్, ఈ వార్నర్‌కి పైనున్న టైమ్ వార్నర్ కలిసిపోయాయి. ఆ రోజుల్లో ఇక్కడ ఉద్యోగాలు చేసినవాళ్ళకి కంపెనీలు కలవడం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు, మనలో ఎంతమంది ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్నామో మనకి తెలుసు. రిప్రైజ్‌లోనూ అదే అయింది, విల్కో అంటే ఇష్టమున్న ప్రెసిడెంట్ వెళ్ళిపోయాడు, మిగిలినవాళ్ళు ఆల్బమ్ విని ఇందులో రేడియోలో ఆడే పాట ఒక్కటీ లేదన్నారు. మార్చమన్నారు. వీళ్ళేమో మార్చేది లేదన్నారు. అయితే మీ దారి మీరు చూసుకోండి అని చేతులు దులుపుకున్నారు, కాకపోతే టేపులు మాత్రం బ్యాండ్‌కే వదిలేశారు.

ఆల్బమ్ విడుదలకి అనుకున్న తేదీ 2001 సెప్టెంబర్ 11. ఆ రోజు ఏమైందో అందరికీ తెలుసు. వారం తర్వాత, సెప్టెంబర్ 18న, చేతిలో కంపెనీ లేని ఈ బ్యాండ్ ఆల్బమ్ మొత్తాన్ని తమ వెబ్‌సైట్‌లో ఉచితంగా వినడానికి పెట్టేసింది. ఇప్పుడు ఇది పెద్ద విషయం అనిపించదు, కానీ అప్పుడు ఫోన్ లైను మీద కీచుమంటూ కనెక్టయ్యే ఇంటర్నెట్, పాట మధ్యలో పదిసార్లు ఆగేది. అయినా జనం విన్నారు. అమెరికా జెండాల బూడిద అని ఒక పాట పేరు, ఇంకో పాటలో ఎత్తైన భవనాలు వణుకుతాయి, అట్ట మీద చూస్తే పక్కపక్కన రెండు టవర్లు. ఇవన్నీ దాడులకి ముందే పూర్తయినవి. వినేవాళ్ళకి మాత్రం ఆ నెలలో వాళ్ళ గుండెల్లో ఉన్నది ఎవరో ముందే రాసిపెట్టినట్టు అనిపించింది. ఆ తర్వాత బ్యాండ్ ఊళ్ళు తిరుగుతూ పాడుతుంటే, ఇంకా సీడీ కూడా రాని పాటల్ని జనం తిరిగి పాడారు.

చివరికి నాన్‌సచ్ అనే కంపెనీ తీసుకుని 2002 ఏప్రిల్ 23న విడుదల చేసింది. నాన్‌సచ్ కూడా ఆ టైమ్ వార్నర్‌దే! ఒక గదిలో వద్దన్నదాన్ని పక్క గదిలో డబ్బిచ్చి కొనుక్కున్నారు. మొదటి వారమే దాదాపు 56 వేల కాపీలు అమ్ముడుపోయి బిల్‌బోర్డ్ లిస్టులో 13వ స్థానంలోకి వచ్చింది, అప్పటిదాకా విల్కో చూడని సంఖ్య అది. తర్వాత 5 లక్షలు దాటింది. పాటల సమీక్షలు రాసే పిచ్‌ఫోర్క్ సైటు పదికి పది ఇచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత 2022లో, ఆ రోజుల్లో విప్పి పారేసిన రకరకాల వెర్షన్లన్నీ కలిపి పెద్ద సెట్‌గా వేస్తే దానికి గ్రామీ వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇక్కడి ఆడిటోరియం థియేటర్‌లో మొత్తం ఆల్బమ్ పాడారు.

ఈ కథని అందరూ కంపెనీ చెడ్డది, కళాకారులు మంచివాళ్ళు అన్నట్టు చెబుతారు. నేను అంత తేలిగ్గా చెప్పలేను, ఎందుకంటే మొదటిసారి విన్నప్పుడు నేనూ ఆ కంపెనీవాళ్ళ మాటే అన్నాను. 2002లో ఆఫీసులో పక్క క్యూబ్‌లో కూర్చునే అతను ఈ సీడీ ఇచ్చాడు. ఐ-88 హైవే మీద కారులో పెట్టాను, రెండో పాట సగంలో ఉండగానే తీసేశాను. తలా తోకా లేదు, పాట మొదలెట్టి చెడగొట్టుకుంటున్నారేమిటి అనుకున్నాను. ఆ చలికాలం ఒక సాయంత్రం మంచు పడి టోల్ ప్లాజా దగ్గర గంటన్నర ఇరుక్కుపోయాను, కారులో ఉన్న మిగతా క్యాసెట్లూ సీడీలూ అన్నీ అరిగిపోయేదాకా విన్నవే, ఇక ఇదే మిగిలింది. వరసగా విన్నాను, 11 పాటలు, అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి. అప్పుడు వినబడింది. మొదటిసారి నాకు అడ్డుగా అనిపించిన ఆ గరగరలు, ఆ ఖాళీలు, పాట అంతా వాటి మీదే నిలబడి ఉంది.

ఆ గరగర సంగతి మా నాన్న ఇంకా బాగా చెప్పారు. షార్ట్‌వేవ్ రేడియోలో నంబర్స్ స్టేషన్లు అని ఉండేవి, ఎవరు నడుపుతారో తెలియదు, ఎవరో ఒక మనిషి అంకెలో అక్షరాలో చదువుతూ పోతుంటారు, గూఢచారులకి పంపే సందేశాలని అంటారు. లండన్‌లో ఒక చిన్న కంపెనీ వాటిని రికార్డు చేసి సీడీలుగా వేసింది, అందులోని ఒక ఆవిడ గొంతు 'పూర్ ప్లేసెస్' పాట చివర్లో వస్తుంది, యాంకీ, హోటల్, ఫాక్స్‌ట్రాట్ అని మళ్ళీ మళ్ళీ చదువుతుంది, ఆల్బమ్ పేరు అక్కడిదే. అడగకుండా వాడుకున్నందుకు ఆ కంపెనీ కేసు వేసింది, తర్వాత రాజీ అయింది. మా నాన్న 2006లో వచ్చినప్పుడు కారులో ఆ పాట నడుస్తోంది, నేను మార్చబోయాను, ఆయన చెయ్యి అడ్డం పెట్టి "ఉండరా, సిలోన్ స్టేషన్ పట్టబోయే ముందు ఇదే చప్పుడు" అన్నారు. మా ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది, సిలోన్‌లో తెలుగు పాటల టైముకి ఆయన చెవి దానికి ఆనించి ముల్లు వెంట్రుకవాసి తిప్పుతూ కూర్చునేవారు, హోరులోంచి పాట తేలి వచ్చి మళ్ళీ హోరులోకి పోయేది. ఇంగ్లీషు పాటలు ఎప్పుడూ వినని మనిషి, చివరిదాకా విన్నారు. దూరం నుంచి వచ్చే గొంతు సరిగ్గా అందకపోవడం అనే బాధ మీదే ఈ ఆల్బమ్ కట్టారని నాకు అప్పుడు తెలిసింది. ఐఎస్‌డీ కార్డులు గీకి ఇంటికి ఫోన్ చేసుకున్న మన తరానికి ఆ బాధ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మొదటిసారి ఆ సీడీని నేను కాదన్నప్పుడు ఎవరికీ నష్టం లేదు, నా కారులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఇంకోసారి మాత్రం నష్టం జరిగింది. పన్నెండేళ్ళ క్రితం వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు అక్కడి సంఘంలో కల్చరల్ కమిటీలో ఉన్నాను. సంక్రాంతి ప్రోగ్రాంకి నలుగురు హైస్కూలు పిల్లలు సొంత పాట పంపారు. బేస్‌మెంట్‌లో రికార్డు చేసింది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు, బేస్ గిటారు వాయించింది ఒక అమ్మాయి. కమిటీలో ఏడుగురం ఒకరింట్లో టీ తాగుతూ ఫోన్‌లో విన్నాం, 40 సెకన్లు కూడా వినలేదు. ఇది పెడితే జనం లేచి భోజనాల లైనులోకి పోతారు అన్నారు ఎవరో. నేను తల ఊపాను. ఏదైనా సినిమా పాట వాయిస్తే నాలుగు నిమిషాలు ఇస్తామని పిల్లలకి కబురు పంపాం. వాళ్ళు రాలేదు. ఆ ఏడాది స్టేజీ మీద 14 డాన్సులు వేశారు, అన్నీ సినిమా పాటలే, అందులో ఒక పాట రెండుసార్లు వచ్చింది. ఆ బేస్‌మెంట్ పాట మిగతా మూడు నిమిషాల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు, ఆ పిల్లలు వాయించడం మానేశారని మాత్రం తర్వాత విన్నాను.

సినిమా పాటలంటే నాకు ప్రాణం, వాటి మీద కోపంతో ఈ మాట అనట్లేదు. కానీ మన పిల్లల ఇళ్ళలో గరాజుల్లో, బేస్‌మెంట్‌లలో పాటలు పుడుతున్నాయి. ఇక్కడి శివారు నేపర్‌విల్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు విని, బయట ఇంగ్లీషు మాట్లాడే పిల్ల తన గురించి తను కట్టుకున్న పాట ఏ సినిమాలోనూ దొరకదు. అది మొదట వికారంగానే ఉండొచ్చు, శ్రుతి కూడా తప్పొచ్చు. అయినా దాన్ని పాడటానికి మన స్టేజీ కాకపోతే ఇంకెక్కడ దొరుకుతుంది?

ఈ దీపావళి ప్రోగ్రాంలో 20 నిమిషాలు పిల్లల సొంత పాటలకి కేటాయించమని కమిటీని అడుగుతున్నాను. ఎంపిక చేసేవాళ్ళలో ఇరవై ఏళ్ళలోపు వాళ్ళు ఇద్దరైనా ఉండాలి. ప్రతి పాటా ఫోన్ స్పీకర్‌లో కాకుండా మంచి స్పీకర్ మీద మొదటి నుంచి చివరిదాకా వినాలి, ఇంకో రోజు మళ్ళీ వినాలి, ఆ తర్వాతే అవునో కాదో చెప్పాలి. భోజనాల ముందు స్లాట్ ఇవ్వకుండా ప్రోగ్రాం మధ్యలో ఇవ్వాలి. సౌండ్ చెకింగ్‌కి పొద్దున్న గంట ముందు హాల్ తెరిపిస్తే చాలు, డ్రమ్స్ సెట్ మా గరాజులో ఉంది, వ్యాన్‌లో నేను తీసుకొస్తాను.