బంగారం సరే, పైపూత సంగతేమిటి?

ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండో గీత ఎర్రగా తేలినప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ బంగారం గుర్తుకు రాదు. కానీ చాలా కిట్లలో ఆ ఎరుపు బంగారానిదే. తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని రేణువులుగా మారితే పుత్తడి పచ్చగా ఉండదు, ఎర్రబడుతుంది. 1857లోనే మైఖేల్ ఫారడే లండన్‌లో ఇలాంటి ఎర్రటి ద్రావణాలు చేసి చూశాడు. కిట్‌లో ఉన్నంతవరకు దానితో పేచీ లేదు, పని అయ్యాక చెత్తబుట్టలో పడేస్తాం. అదే రేణువును మనిషి రక్తంలోకి ఎక్కించాలంటే మాత్రం లెక్క మారుతుంది.

ఎక్కించడం ఎప్పుడో మొదలైంది. సిలికా గుండ్ల మీద బంగారు రేకు తొడిగి, సెలైన్‌లా ఎక్కించి, కణితి దగ్గర లేజర్‌తో వేడి చేసే పద్ధతిని అమెరికాలో ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులపై పరీక్షించారు. 16 మందిపై వచ్చిన తొలి ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఆశ కలిగించే పని, సందేహం లేదు. అయితే ఇలాంటి వార్తలు రాసేటప్పుడు మా పత్రికతో సహా అందరం ఒకే మాట దగ్గర ఆగిపోతున్నాం: బంగారం తుప్పు పట్టదు, దేనితోనూ కలవదు, కాబట్టి హాని చేయదు. ఇది సగం నిజం.

గిల్టు నగలో బంగారం పైన, రాగో ఇత్తడో లోపల. ఇలాంటి అతి సూక్ష్మ రేణువులతో చేసే నానో మందులో ఇది తలకిందులు. బంగారం లోపల, వేరే పదార్థం పైన. పూత లేకపోతే రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి, అందుకే ఏదో ఒకటి పూయక తప్పదు. రక్తానికీ కణానికీ ముందుగా తగిలేది ఆ పూతే. 2004లో వచ్చిన ఒక పరిశోధనలో 2 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు) రేణువులకే రెండు రకాల తొడుగులు వేసి చూశారు. ధనావేశం ఉన్నవి కణాలను గట్టిగా దెబ్బతీశాయి, రుణావేశం ఉన్నవి అంతగా తీయలేదు. రెండింటిలోనూ లోపలిది బంగారమే. కణపు పొర రుణావేశంతో ఉంటుంది కనుక ధనావేశపు తొడుగు దాన్ని అతుక్కుని చిల్లు పొడుస్తుంది.

ఇంకా చెప్పుకోవాల్సింది సీటాబ్ కథ. బంగారాన్ని సన్నని కడ్డీల్లా పెంచడానికి ల్యాబుల్లో వాడే సబ్బులాంటి రసాయనం ఇది. ఈ కడ్డీలు తగిలి కణాలు చచ్చిపోతుంటే మొదట అందరూ కడ్డీలనే అనుమానించారు. 2009లో కొందరు శాస్త్రవేత్తలు కడ్డీలను పక్కకు తీసి, అవి తేలిన నీటిని మాత్రమే కణాలపై పోశారు. చంపింది ఆ నీరే! కడ్డీ నుంచి జారి నీటిలో మిగిలిపోయిన సీటాబ్ చేసిన పని అది. అవే కడ్డీలకు పైన పాలిమర్ తొడుగు వేస్తే విషగుణం బాగా తగ్గింది. సరిగా కడిగారా లేదా అన్న వంటింటి ప్రశ్నే ఇక్కడ రోగి భద్రతను తేల్చేది.

మరి అందరూ మెచ్చే పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) పూత? సీటాబ్ కంటే వెయ్యి రెట్లు నయమే, కానీ అదీ అభయహస్తం కాదు. 13 నానోమీటర్ల పెగ్ పూత రేణువులు ఎలుకల కాలేయంలో పేరుకుని వాపు తెచ్చినట్టు 2009లోనే తేలింది. పైగా కొందరి రక్తంలో పెగ్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు ముందే ఉంటున్నాయి. మన కణాల్లో సహజంగానే ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం తొడిగిన 2 నానోమీటర్ల రేణువులు మాత్రం ఎలుకల్లో ఒక్క రోజులోనే సగానికి పైగా మూత్రంలో బయటికి పోయాయి.

హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో గుంటగలగరాకు రసంతో బంగారు రేణువులు తయారు చేశారు. విషరసాయనాలు లేని దారి వెతకడం మెచ్చదగ్గదే. అయితే ఆకు రసం కూడా ఒక పూతే. ఏ ఊరి ఆకు, ఏ కార్తెలో కోసింది అన్నదాన్ని బట్టి అందులోని పదార్థాలు మారతాయి. ‘సహజం’ అనగానే పరీక్షలు సడలించకూడదన్నది మా అభిప్రాయం.

నానో ఔషధాల పరిశీలనకు మన దేశంలో 2019 అక్టోబరులో మార్గదర్శకాలు వచ్చాయి. అవి మందుల వరకే. ముఖానికి రాసుకునే సీరంల సంగతి వేరు. ఐరోపా సమాఖ్య నానో బంగారం ఉన్న కొత్త సౌందర్య ఉత్పత్తులను 2025 ఫిబ్రవరి 1 నుంచి మార్కెట్లోకి రానివ్వడం లేదు. మన ఆన్‌లైన్ అంగళ్లలో మాత్రం గోల్డ్ సీరం సీసాల మీద 24 క్యారెట్ల గొప్ప మెరుస్తూనే ఉంది. అందులో ఉన్నది నానో రేణువులా, అయితే వాటి పైన ఏం పూశారు అన్నది కూడా సీసా మీదే రాయించాలి.

మందుల విషయంలో ఔషధ నియంత్రణ సంస్థ ఇంకాస్త గట్టిగా ఉండాలి. పూత పేరు, దాని ఆవేశం, కడిగిన తర్వాత మిగిలిన రసాయనం ఎంత, మనిషి రక్తంలో వేసి చూస్తే తొడుగు నిలిచిందా జారిందా, ఈ నాలుగూ ప్రతి బ్యాచ్‌కూ అంకెలతో అడగాలి. చెప్పలేని కంపెనీ దరఖాస్తును తిప్పి పంపడానికి నిపుణుల కమిటీ మొహమాటపడాల్సిన పనిలేదు.