5 బై 8 ప్రశాంతత

మోక్షం హిమాలయాల్లో దొరుకుతుందని మన పెద్దలు పొరబడ్డారు. అది అటాచ్డ్ బాత్రూంలో ఉందని ఈమధ్యే తేలింది. విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాట్‌లో నేనూ ఆ సాధనకు పూనుకున్నాను. తపోభూమి 5 బై 8 అడుగులు.

డిజైనర్ కుర్రాడు వస్తూనే "మీ మూడ్ ఏంటి సార్?" అన్నాడు. పొద్దున్న ఏడింటికి, బయట ముగ్గురు తలుపు బాదుతుంటే నాకు ఏ మూడ్ ఉంటుందో ఎప్పుడూ గమనించుకోలేదు. తెల్ల లైటు టెన్షన్ పెంచుతుందని 2700 కెల్విన్ పసుపు లైటు పెట్టించాడు. (చిన్నప్పుడు మా ఇంట్లో 40 వాట్ల బల్బుదీ ఇదే రంగు. అప్పట్లో దాన్ని లేమి అనేవాళ్లం.) మూలన మనీప్లాంటు. ఆపైన బాత్‌టబ్ అన్నాడు. నిండడానికి 180 లీటర్లు! రెండు బకెట్లతో తలంటుకునేవాణ్ణి. ఎండాకాలం ట్యాంకర్ కోసం కళ్లు కాయలు కాసే మా అపార్టుమెంటులో ఈ సంగతి పొక్కితే బతకనిస్తారా? మానేశాం.

మేస్త్రికి ఈ ఆధ్యాత్మికత పట్టలేదు. నేల మీద చెంబుడు నీళ్లు కుమ్మరించి, గొంతుక్కూర్చుని చూశాడు. ఓ సన్నటి పాయ తూమును కాదని తలుపు వైపు బయల్దేరింది. "వాటం లేదు బాబూ. నీళ్లు నిలబడితే ఎన్ని మొక్కలెట్టినా మిగిలేది నాచే" అని, ఐదడుగులకు అంగుళం చొప్పున వాటం తీశాడు. ఇంత ఖర్చులో నా అరికాలికి సుఖం తెలిసింది అక్కడే.

సముద్రం సంగతి మాత్రం ఎవరి ప్లానులోనూ లేదు. ఏడాది తిరక్కుండానే ఉప్పుగాలికి కుళాయి మెరుపు మీద తుప్పు మచ్చలు లేచాయి, అద్దం అంచులు నల్లబడ్డాయి. "304 రకం స్టీలు తీసుకున్నారా? ఇక్కడి ఉప్పుగాలికి 316 రకం అయితే కొంత నయం" అన్నాడు హార్డ్‌వేర్ షాపాయన, తాపీగా. ఆ తాపీతనం సరుకు అమ్మాకే వస్తుంది.

మొన్న ఆదివారం గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నేను లోపల. "మోటారు కట్టారా?", "నాన్నా, నా చార్జర్ ఏదీ?" లాంటి కేకలన్నీ నేను బందీనని తెలియగానే ఆగిపోయాయి. నలభై నిమిషాల పాటు ఎవరూ ఏ పనీ చెప్పలేదు. పసుపు లైటు, మనీప్లాంటు, ఎగ్జాస్ట్ ఫ్యాను సన్నటి రొద.

వడ్రంగి వచ్చాడు. "సార్, లోపల్నుంచి గట్టిగా లాగండి!"

లాగుతున్నట్టు చప్పుడు చేశాను.