మనుషులను కాదు, ఆ యంత్రాలను చూడండి

సైన్స్ ఫిక్షన్ పత్రికలకు బొమ్మలు వేసిన ఫ్రాంక్ ఆర్. పాల్ పేరెత్తగానే సైన్స్ ఫిక్షన్ అభిమానులే ఒక మాట అంటారు: ఆయనకు మనుషుల బొమ్మలు వేయడం రాదని. నిజమే, పాల్ గీసిన ముఖాలు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ ఒక్క లోపం పట్టుకుని ఆయన్ని వెనక వరుసలో కూర్చోబెట్టడం మాత్రం అన్యాయం.

1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అమెరికాలో 'అమేజింగ్ స్టోరీస్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక మొదలుపెట్టారు. తొలి సంచికలో కథలన్నీ వెర్న్, వెల్స్, పో లాంటివాళ్ల పాత రచనలే, మళ్లీ అచ్చేసినవి. మరి కొత్తగా ఏముంది? పాల్ వేసిన అట్టమీది బొమ్మ! ఆకాశంలో పెద్ద శనిగ్రహం, మంచు దిబ్బల మీద ఇరుక్కున్న ఓడలు, కింద స్కేటింగ్ చేస్తున్న జనం. దుకాణంలో కుర్రాడి చెయ్యి పత్రిక మీదకు వెళ్లింది ఆ బొమ్మను చూసే.

పాల్ 1884లో అప్పటి ఆస్ట్రియా-హంగరీలో పుట్టారు. ఆర్కిటెక్చర్ నేర్చుకుని అమెరికా వెళ్లారు. అసలు కిటుకు ఆ చదువులోనే ఉంది. ఆయన యంత్రం గీస్తే బరువు ఎక్కడ ఆనుతుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో కనిపిస్తుంది. ఊహే అయినా, రేపు ఎవరైనా కట్టొచ్చు అనిపిస్తుంది. 1929 ఆగస్టు 'సైన్స్ వండర్ స్టోరీస్' అట్ట మీద ఆయన అంతరిక్ష కేంద్రాన్ని గీశారు. తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడానికి ఇంకా 28 ఏళ్లుంది! సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ చిన్నప్పుడు చూసిన తొలి సైన్స్ ఫిక్షన్ పత్రిక మీద ఉన్నది పాల్ గీసిన గురుగ్రహమే. పెద్దయ్యాక కూడా క్లార్క్ ఆ బొమ్మను మరిచిపోలేదు.

1939లో న్యూయార్క్‌లో తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ జరిగింది. గౌరవ అతిథిగా పిలిచింది రచయితను కాదు, పాల్‌నే. ఆ సభ జరిపిన కుర్ర అభిమానులకు తమ కలలు ఎక్కడ మొదలయ్యాయో బాగా తెలుసు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన బడుల్లో సైన్స్ బొమ్మంటే మార్కుల కోసం పుస్తకంలోంచి దించే డయాగ్రమ్. లేని యంత్రాన్ని ఊహించి గీయమని ఎంతమంది పిల్లలను అడిగాం? పరీక్షల టెన్షన్ మొదలైతే ముందు పోయేది డ్రాయింగ్ పీరియడే. హెడ్‌మాస్టర్లను చేతులు జోడించి అడుగుతున్నా: వచ్చే ఏడాది టైమ్‌టేబుల్‌లో ఆ గంటను లెక్కల క్లాసుకు ఇచ్చేయకండి.