‘మనోడే’ అంటే సరిపోతదా?

చిన్నప్పుడు సెలవులల్ల బాపు మిర్చి బస్తాలతోని ఎనుమాముల మార్కెట్‌కు పోతుంటే నేను కూడా ఎక్కి పోయేటోణ్ణి. ఒకసారి మా ఊరాయన మొదటిసారి సరుకు తెచ్చి ఎవర్ని అడగాల్నో తెల్వక బస్తాల కాడ నిలబడితే, బాపు ఆయన చెయ్యి పట్టుకొని మా అడ్తి దుకాణంల కూసోబెట్టి "సేటూ, ఈయన కాయ మంచిగ ఆరింది, తాలు వేరే పెట్టిండు, నేను చూసిన, కాంటా జర దగ్గరుండి పెట్టియ్యి" అన్నడు. అంతే, చాయ్ తాగి వచ్చినం.

గదే రెఫరల్ అని నాకు డల్లస్ వచ్చిన ఎన్నో ఏండ్లకు సమజైంది. ఒక దోస్తు పొద్దుపొద్దున్నే బీఎన్ఐ మీటింగుకు గుంజుకపోయిండు, బిజినెస్ చేసేటోళ్ళు ఒకరికొకరు గిరాకీ చూపించుకునేటందుకు 1985ల ఇవాన్ మిస్నర్ మొదలుపెట్టిన నెట్‌వర్క్ అది, ఒక్కో చాప్టర్‌ల, అంటే ఒక్కో లోకల్ గ్రూపుల, ఒక్కో వృత్తికి ఒక్కరే ఉంటరు, ‘గివర్స్ గెయిన్’ అంటరు, అంటే ముందు నువ్వియ్యి తర్వాత నీకొస్తది అని. నా వంతు రాంగనే "ట్యాక్స్ పని ఎవరికన్న ఉంటే చెప్పుండ్రి" అన్న. పక్కాయన నవ్వి, ఎవరికన్న అంటే ఎవ్వరు యాదికి రారు, కొత్తగ రెస్టారెంట్ పెట్టి సేల్స్ ట్యాక్స్‌తోని తిప్పలు పడేటోళ్ళు అని అడుగు అన్నడు. నిజమే, అట్ల అడిగితే నాకే ఇద్దరు యాదికొచ్చిన్రు.

మనం జాబ్ రెఫరల్ అంటే ఉరుకుతం, కంపెనీ బోనస్ ఇస్తది కద! బిజినెస్ దగ్గరికొస్తే మాత్రం వాట్సాప్‌ల నంబర్ పడేసి చేతులు దులుపుకుంటం. నేనేం తక్కువ తినలే, పోయినేడు ఒక పెళ్ళోళ్ళకు "మనోడే, హన్మకొండోడే" అని ఒక ఫోటోగ్రాఫర్ నంబర్ ఇచ్చిన, ఆయన తీసిన ఒక్క ఫోటో కూడ చూడకుంట. ఆల్బమ్ ఐదు నెలలకొచ్చింది, ఆ అక్క ఇప్పటికీ నాతోని సరిగ మాట్లాడది. హన్మకొండల పుట్టుడు కూడ ఒక క్వాలిఫికేషనేనా చెప్పుండ్రి.

అందుకే ఈ ఎండకాలం వరంగల్ పోయినప్పుడు నేతోళ్ళుండే కొత్తవాడల కూసొని చూసిన. వరంగల్ దర్రీలకు, అంటే మగ్గం మీద నేసే జంపఖానాలకు, 2018ల జీఐ గుర్తింపు, గీ సరుకు గీ ఊరిదే అనే ముద్ర, వచ్చింది, మనం గర్వంగ స్టేటస్ పెట్టుకున్నం, కొనేటోణ్ణి ఎంతమందిమి తీస్కపోయినం? ఒక నేత కాక మగ్గం గుంటల కాళ్ళు పెట్టి నేస్తుండు, నేను తడిగుడ్డతోని రుద్ది చూసిన, రంగు అంటలే. అక్కడ్నుంచే, డల్లస్ పక్కన ప్లేనోల గృహాలంకరణ దుకాణం నడిపే మా దోస్తుకు వీడియో కాల్ కలిపి, మధ్యల భాష చెప్పుకుంట గంట సేపు కూసున్న. ఆయన ఆరు దర్రీలు అడిగిండు, అండ్ల రెండు బాగ పెద్దసైజు.

కాక కొలత విని తల గీక్కున్నడు. "నా మగ్గం మీద గంత వెడల్పు రాదు బిడ్డా. వెనక గల్లీల ఒకాయనకు పెద్ద మగ్గమున్నది, నాకంటె సాఫ్‌గ నేస్తడు. ఆ రెండు ఆయనకు చెప్పనా?"