గెట్ వేరు, గేట్ వేరు

ఒడిశా సరిహద్దు ఊళ్లయిన పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో తెలుగింటి పిల్ల ఒడియా బడికి వెళ్తుంది. ఇంగ్లీషు మాట వస్తే టీచర్ ఒడియాలో అర్థం చెబుతారు. ఆ ఒడియా మాట తెలియకపోతే ఆ పిల్లకు రెండూ అందవు. తెలివి తక్కువై కాదు, ఇంగ్లీషు పాఠం ఆమెను తలుచుకుని రాసింది కాదు కాబట్టి.

ఒక్క ఉదాహరణ చూడండి. బోర్డు మీద గెట్, గేట్ అనే రెండు ఇంగ్లీషు మాటలున్నాయి. ఒడియా లిపిలో ఎకారానికి, ఏకారానికి విడివిడి గుర్తులు లేవు, రెండూ ఒకేలా రాయాల్సిందే. మన పిల్లకు ఆ తేడా ఉగ్గుపాలతోనే వచ్చింది. తెలుగులో రాసి చూపిస్తే అర నిమిషంలో పట్టేస్తుంది. చూపించేవాళ్లే లేరు. అలాగే తడబడే చోట్లూ ఉన్నాయి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బుక్ కాస్తా బుక్కు అవుతుంది. 'నాకు జ్వరంగా ఉంది' అనే అలవాటుతో 'టు మీ ఫీవర్ ఈజ్' అని రాస్తుంది. దానికి ఎర్ర సిరాతో కొట్టివేత కాదు మందు. రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి, జ్వరం మనకు 'ఉంటుంది', ఇంగ్లీషువాళ్లు దాన్ని 'కలిగి ఉంటారు' అని చెబితే చాలు.

పాఠంలో పనీ ఉండాలి. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు దక్షిణాది బడుల్లో చేసిన ప్రయోగం అదే. వ్యాకరణ సూత్రాల వరస పక్కన పెట్టి, రైళ్ల టైంటేబుల్, మ్యాప్ లాంటివి పిల్లల ముందు పెట్టారు. బుర్ర లెక్క తేల్చే పనిలో ఉంటే భాష వెంట వస్తుందన్నది ఆయన నమ్మకం. మనకు బరంపురం స్టేషన్ టైంటేబుల్ ఉండనే ఉంది. పలాసలో అత్తయ్య ఇంటికి భోజనం వేళకు చేరాలంటే ఏ బండి ఎక్కాలి? ఈ ప్రశ్న ఇంగ్లీషులో అడిగితే ఏ పిల్ల నోరు మెదపదు?

ఇవన్నీ కొత్త కోరికలు కావు. ఇదే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాశారు. ఒడిశా ప్రభుత్వం కూడా 2006-07లో గిరిజన భాషల్లో బోధన మొదలుపెట్టింది, వాటిలో సవర ఉంది. ఆ పని చేయగలిగిన ప్రభుత్వానికి తెలుగు పిల్లల కోసం ఇంగ్లీషు పాఠాలకు పలచటి అనుబంధ పుస్తకం బరువు కాదు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకులకు మాతృభాషలో బోధన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది.

భువనేశ్వర్‌లోని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలిని (ఎస్‌సీఈఆర్‌టీ) మేము కోరేది ఇదే. ఆ అనుబంధ పుస్తకం రాసే బృందంలో తెలుగు మాట్లాడే సరిహద్దు టీచర్లను కూర్చోబెట్టండి. అచ్చుకు పంపేముందు రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో కొన్ని తరగతి గదుల్లో ఒక టర్మ్ నడిపి చూడండి. పిల్ల ఎక్కడ ఆగిందో టీచర్‌ను రాసి పెట్టమనండి. ఆ పేజీలు మార్చాకే ప్రెస్సుకు ఇవ్వండి.