నా సిస్టమ్‌లో ఓపెన్ అవుతోందే!

ఈ ఒక్క మాట వింటే నాకు బీపీ పెరుగుతుంది. ఆన్‌లైన్ కోర్సులకు స్లయిడ్లు ఎక్కించడం నా ఉద్యోగం. పాఠం తయారుచేసేది సార్లు, మేడమ్‌లు, దాన్ని మూడిల్ అనే ఆన్‌లైన్ క్లాసుల సైట్‌లో పెట్టి పిల్లలకు కనిపించేలా చేసేది మేము. సెమిస్టర్ మొదలైన వారానికే "సార్, నాలుగో స్లయిడ్‌లో లింక్ రావట్లేదు" అని మెసేజ్‌లు మొదలవుతాయి. ఆ సంగతి పాఠం చేసినాయనకు చెప్తే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "నా సిస్టమ్‌లో ఓపెన్ అవుతోందే, వాళ్ల నెట్ చూసుకోమనండి."

అవుతుంది సార్, మీ సిస్టమ్‌లో ఎందుకవదు? ఆ ఫైల్ ఉన్నదే మీ డీ డ్రైవ్‌లో!

నిజంగానే చెప్తున్నా. పవర్‌పాయింట్ ఫైల్ అంటే లోపల ఒక జిప్ మూట. కాపీ తీసుకుని ఫైల్ పేరు చివరున్న ఎక్స్‌టెన్షన్ జిప్ అని మార్చి తెరిస్తే, ఒక్కో స్లయిడ్‌కు ఒక్కో రెల్స్ ఫైల్ ఉంటుంది, ఆ స్లయిడ్‌లోని లింకులు ఎక్కడికి పోతాయో అన్నీ అందులో రాసి ఉంటాయి. మొన్న ఒక పాఠం అలా విప్పి చూస్తే 62 లింకుల్లో 11 సారు గారి డీ డ్రైవ్‌లో 'న్యూ ఫోల్డర్ 2'కి పోతున్నాయి. గుంటూరులో కూర్చున్న పిల్లాడు ఈయన ల్యాప్‌టాప్‌లోకి ఎలా దూరతాడండీ?

ఇక గూగుల్ డ్రైవ్ లింకుల సంగతి. భోజనానికి రమ్మని పిలిచి ఇంటికి తాళం వేసుకుపోయినట్టుంటుంది. ఫైల్ తనకొక్కరికే కనపడేలా ఉంచేసి, లింక్ మాత్రం స్లయిడ్‌లో అతికిస్తారు. తను లాగిన్ అయ్యే ఉంటారు కాబట్టి తనకు చక్కగా తెరుచుకుంటుంది. పిల్లలకేమో పర్మిషన్ అడగమని పేజీ వస్తుంది, పాపం వాళ్లు అడుగుతారు. ఒక మేడమ్‌కు ఒక్క రాత్రిలో వందకు పైగా మెయిల్స్ వచ్చిపడితే, ఎవరో తన అకౌంట్ హ్యాక్ చేస్తున్నారని కంగారుపడి పాస్‌వర్డ్ మార్చేశారు. పర్మిషన్ మాత్రం మార్చలేదు.

పీడీఎఫ్‌ది ఇంకో గోల. ఫైల్ మెనూలో సేవ్ యాజ్ పీడీఎఫ్ అని ఇస్తే లింకులు బతుకుతాయి. ప్రింట్ నొక్కి, ప్రింటర్ల లిస్టులో మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ ఎంచుకుంటే మాత్రం నీలం రంగు, కింద గీత మిగులుతాయి, ప్రాణం పోతుంది. అడ్రస్ మొత్తం అక్షరాల్లో కనిపిస్తుంటే కొన్ని పీడీఎఫ్ రీడర్లు గుర్తుపట్టి తెరుస్తాయి, 'ఇక్కడ క్లిక్ చేయండి' అని రాసినవి మాత్రం శవాల్లా పడి ఉంటాయి. ఒకే ఫైల్‌లో ఒకటి పనిచేసి ఒకటి చేయకపోయేసరికి అందరూ మళ్లీ నెట్ మీదే పడతారు. ఒకమ్మాయి సిగ్నల్ అందట్లేదేమోనని డాబా ఎక్కి మరీ నొక్కిందట, పీడీఎఫ్‌లో లింకే లేదు తల్లీ అని ఎలా చెప్పను?

మా తప్పులూ లేకపోలేదు. పోయినేడు కోర్సును కాపీ చేసి కొత్త బ్యాచ్‌కు ఇచ్చాం. బ్యాకప్ తీసి రీస్టోర్ చేసినప్పుడు, మూడిల్ పేజీల్లో రాసిన లింకులను మూడిలే కొత్త కోర్సుకు తిప్పుకుంటుంది, పవర్‌పాయింట్ ఫైల్ లోపలున్న వాటి జోలికి పోదు. దాంతో క్విజ్ లింక్ నొక్కిన ప్రతివాడూ పాత బ్యాచ్ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇది నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు.

కాలేజీ వైఫైలోంచి చూసి అన్నీ బాగున్నాయనుకోవడం ఇంకో భ్రమ. లైబ్రరీ చందా కట్టిన జర్నల్ పేపర్లు కాలేజీ నెట్‌వర్క్‌లో హాయిగా తెరుచుకుంటాయి, ఇంటికెళ్లి మొబైల్ డేటాలో చూస్తే డబ్బులు అడుగుతాయి.

నిజంగా చచ్చిపోయే లింకులూ ఉన్నాయి, కాదనను. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు దొరకకుండా పోయాయని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ 2024లో లెక్కతేల్చింది. పొడుగు అడ్రస్‌ను కుదించే గూగుల్ పొట్టి లింకులనే (goo.gl) తీసుకోండి, 2019లో కొత్తవి ఇవ్వడం ఆపేశారు, 2025 ఆగస్టులో కొంతకాలంగా ఎవరూ నొక్కని వాటిని మూసేశారు. ఏడాదికోసారి నడిచే కోర్సులో లింక్‌ను ఎవరు నొక్కుతూ కూర్చుంటారు? అలాంటివి పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో వెతికి పెడతాను, నాకు అభ్యంతరం లేదు. కానీ నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో అవి కొన్నే, మిగతావన్నీ పుట్టడమే చచ్చి పుట్టినవి.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే వాదించట్లేదు. వైఫై ఆపి, ఫోన్‌లో మీ లాగిన్ ఏదీ లేని ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, మీ లింక్ మీరే నొక్కండి సార్ అంటున్నా. నిన్న ఒకాయనతో అలాగే నొక్కించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగారు: "ఇదేంటండీ, నా ఫైల్‌కి నన్నే లాగిన్ అవ్వమంటోంది?"