దిగబాకన్నా అంటే వినలా నేను
మొన్న గంట వాన పడింది, అంతే, తుపాను కూడా కాదు. మా నెల్లూరు మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కాడ ఆటో అతను చెయ్యి అడ్డం పెట్టి "దిగబాకన్నా, నడుం లోతుండాది" అన్నాడు. ముందు ఒకడు పోయాడు గదా అని బండి నీళ్ళలోకి దించా. సగంలో సైలెన్సర్ గుడగుడమని బండి గమ్మునైపోయింది, ఒక చెప్పు కూడా పోయింది. తోసుకుంటా ఇంటికొచ్చి ఫోన్ తీస్తే గ్రూపులో మావాడొకడు "నెల్లూరుని స్మార్ట్ సిటీ చెయ్యాలి" అని పోస్టు. ఒళ్ళు మండిపోయింది.

2015లో పెట్టిన ఆ స్కీములో మనం లేం, నిజమే. 100 ఊళ్ళలో మన రాష్ట్రానికి విశాఖ, కాకినాడ, తిరుపతి, అమరావతి. ఐదేళ్ళన్నారు, పొడిగిస్తా పొడిగిస్తా 2025 మార్చికి ముగించారు. అందులో కూడా ఎక్కువ డబ్బు ఊళ్ళో ఏరుకున్న ఒక ముక్కకే, మిగతా ఊరికి కెమెరాలూ కంట్రోల్ రూమూ లాంటివి. మనకొచ్చుంటే ఏముంది, నా బండి మునగడం పెద్ద స్క్రీన్ మీద క్లియర్‌గా చూసుండేవాళ్ళు.

ఓపక్క పెన్న, ఓపక్క స్వర్ణాల చెరువు, మధ్యలో జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ. వరి మళ్ళకి నీళ్ళు పారిన ఊరిది. మళ్ళన్నీ ప్లాట్లైపోయాయి గానీ వాలు అట్నే ఉంది గదా, ఆ లెవెల్ ఎవరూ చూడరు. 2021 నవంబర్లో మన ఊరి పక్కన పడుగుపాడు కాడ రైలు పట్టాలు కొట్టుకుపోయాయంటే అది పెన్న పొంగి, సరే, గంట వానకేం రోగం?

మా వీధే చూడండి. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది, ఇప్పటికి మూడో పొర. చిన్నప్పుడు మా ఇంట్లోకి మూడు మెట్లెక్కేవాళ్ళం, ఇప్పుడు ఒక మెట్టు దిగతన్నాం. కాలవలో పూడిక తీసి పక్కనే కుప్ప పోస్తారు, లారీ వచ్చేలోపు వానొచ్చి మళ్ళీ అందులోకే. పాత పొర చెక్కేసి, లెవెల్ కొట్టి, అప్పుడు రోడ్డు వెయ్యండయ్యా అంటే యాప్‌లో కంప్లైంట్ పెట్టమన్నారు, పెట్టా, ఫొటో కూడా పెట్టా, రెండ్రోజులకి "పరిష్కరించబడినది" అని మెసేజ్. నీళ్ళు నిజంగానే ఇంకిపోయాయిలే అప్పటికి.

నేనేం తక్కువ తిన్లా, మా గేటు ముందు ర్యాంపు కాలవ మీదే ఉండాది, పూడిక తీసేవాళ్ళు అక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. మా ఆవిడ ఇది రాయబాక అంది.

బండి ఇంకా మెకానిక్ దగ్గరే ఉంది. ఇంజనాయిల్ పాల టీ రంగుకొచ్చేసిందంట. నాకంటే ముందు ఏడు బళ్ళున్నాయి, అన్నీ ఆ అండర్ బ్రిడ్జివే.